పరదేశపు జ్వరాలు: గోదావరి డెల్టా మిషన్ల చరిత్రలో అనారోగ్యం

గోదావరి డెల్టాలో క్రైస్తవ మిషన్ల చరిత్రను చర్చిల చరిత్రగా, బడుల చరిత్రగా, మత మార్పిడుల చరిత్రగా రాయడం పరిపాటి. ఈ మూడింటి వెనుక అంతగా పట్టించుకోని అంశం మరొకటి ఉంది. దూరదేశాల నుంచి వచ్చిన బోధకులకు సోకిన రోగాలు, ఆ రోగాలను తట్టుకోవడానికి వారు వెతుక్కున్న దారులు మిషన్ల నడకను అనేక చోట్ల మలుపు తిప్పాయి. ఏ కేంద్రం నిలవాలి, ఏది మరో సంఘం చేతికి పోవాలి, ఏ ఊళ్లో ఆసుపత్రి వెలవాలి అన్న నిర్ణయాల్లో జ్వరానికీ వాంతిభేదికీ ఉన్న పాత్ర చిన్నది కాదు. 1836లో తొలి బోధకులు డెల్టా ప్రాంతానికి చేరినప్పటి నుంచి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు సాగిన ఆ చరిత్రను పరిశీలిస్తే, రోగం వారిలో కొందరిని ఇంటికి పంపిందనీ, కొందరిని వైద్యం నేర్చుకునేలా చేసిందనీ, మిగిలిన భారాన్ని తెలుగు పనివారి భుజాల మీద పెట్టిందనీ తెలుస్తుంది.

రోగాల నేల

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట రాకముందు గోదావరి సీమ వరదకూ కరువుకూ మధ్య నలిగిన నేల. 1832-33 నాటి కరువు గుంటూరు సీమతో పాటు ఉత్తర కోస్తా జిల్లాలను కూడా తీవ్రంగా దెబ్బతీసింది. చెరువు నీరు, కాలువ నీరు, ఏటి నీరు తాగే ఊళ్లలో వాంతిభేది అని పిలిచే కలరా తరచుగా వచ్చిపోయేది. జిగట విరేచనాలు, మశూచి, చలిజ్వరం ఏటేటా ప్రాణాలు తీసేవి. తీరానికి దగ్గరి ఊళ్లలో బోదకాలు సర్వసాధారణం. నదికి ఎగువన పాపికొండలు దాటి ఏజెన్సీలోకి పోయిన వారిని మన్యం జ్వరం, అంటే అడవి ప్రాంతపు మలేరియా, విడిచిపెట్టేది కాదు. పెద్దాపురంలో మరిడమ్మకు ఆషాఢ మాసంలో జరిగే జాతర, ఊరూరా పొలిమేరల్లో వెలసిన గ్రామదేవతల కొలువులు, ఈ రోగాల మధ్య బతికిన ప్రజలు తమ భయాన్ని సామూహికంగా ఎదుర్కొన్న తీరుకు నిదర్శనాలు.

19వ శతాబ్దంలో చాలాకాలం యూరోపియన్ వైద్యులకు కూడా ఈ రోగాల కారణాలు తెలియవు. కుళ్లిన నేల నుంచి లేచే చెడుగాలి జ్వరానికి మూలమన్న సిద్ధాంతమే అప్పటి వైద్య గ్రంథాల్లో ప్రధానంగా ఉండేది. కలరాకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ కలకత్తాలో గుర్తించింది 1884లో. మలేరియా క్రిమి దోమ శరీరంలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొన్నది 1897లో. దీనిని బట్టి డెల్టాకు వచ్చిన తొలి రెండు తరాల మిషనరీలు తమను చంపుతున్నది ఏమిటో తెలియకుండానే దానితో పోరాడారని చెప్పాలి. ఎండవేళ బయట తిరగకపోవడం, రాత్రి కిటికీలు మూసుకోవడం, ఎత్తైన అరుగుల మీద బంగళాలు కట్టుకోవడం వంటి జాగ్రత్తలు వారికి తెలిసినవి. మంచినీటిని కాచి తాగాలన్న నియమం తరువాతి కాలంలోగాని స్థిరపడలేదు.

ఈ ప్రమాదం ఎంతటిదో డెల్టాకు ఉత్తరాన విశాఖపట్నంలో అప్పటికే రుజువైంది. లండన్ మిషనరీ సొసైటీ పక్షాన 1805లో అక్కడికి వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకొని, ఆనందరాయర్ అనే తెలుగు క్రైస్తవుని సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించారు. ఒక భాషలో పట్టు సాధించడానికి కావలసిన ఏళ్లకూ, ఆ వాతావరణంలో బతికే ఏళ్లకూ మధ్య ఉన్న ఈ పోటీ తరువాత వచ్చిన ప్రతి మిషన్‌కూ ఎదురైంది.

ఉండిపోయినవారు, వెళ్లిపోయినవారు

డెల్టా నడిబొడ్డున స్థిరపడిన తొలి బోధకులు విలియం బౌడెన్, జార్జ్ బీర్. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్‌కు చెందిన ఈ ఇద్దరూ చేతివృత్తులవారు. మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రేరణతో భార్యలతో సహా 1836లో వచ్చిన వీరు నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశారు. వీరి కృషి నుంచి పెరిగిందే గోదావరి డెల్టా మిషన్. వీరు ప్లిమత్ బ్రెదరెన్ అనే శాఖకు చెందినవారు. ఆ శాఖలో బోధకునికి స్థిరమైన జీతం ఉండదు. విశ్వాసులు పంపే కానుకల మీదనే బతకాలి. సెలవు మంజూరు చేయడానికి గాని, వైద్యానికి డబ్బు పంపడానికి గాని వెనుక ఒక కార్యాలయం లేదు. కనుక జబ్బు చేసినప్పుడు కొండ ప్రాంతాలకు వెళ్లడం, ఓడ ఎక్కి స్వదేశం చేరడం వీరికి సులభంగా అందే మార్గాలు కావు. ఊరి మధ్యనే ఉండి, ఊరివారు తిన్నదే తిని, కోలుకుంటే మళ్లీ పనిలో దిగడమే వీరి పద్ధతి అయింది. ధవళేశ్వరంలో ఆనకట్ట పని సాగుతున్న రోజుల్లో అక్కడ పోగైన కూలీల మధ్య కూడా వీరు బోధించారు. బీర్ 1853లో మరణించిన తరువాత ఆయన భార్య ఎలిజబెత్ వెనక్కి పోకుండా ఇక్కడే పని కొనసాగించారు. రెండు కుటుంబాల పిల్లలు తెలుగు మాట్లాడుతూ పెరిగి పెద్దవారై అదే పనిలో చేరారు. బౌడెన్ 1876 వరకు జీవించి, నలభయ్యేళ్లు డెల్టాలో గడిపారు.

అదే ఆనకట్ట చరిత్రలో సర్కారు ఉద్యోగికి ఉన్న వెసులుబాటు ఎలాంటిదో కనిపిస్తుంది. ఆనకట్టను నిర్మించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి పని చేపట్టడానికి ముందే అనారోగ్యం వల్ల టాస్మేనియాలో కొంతకాలం గడిపారు. 1847లో నిర్మాణం మొదలైన మరుసటి ఏడే మళ్లీ ఆరోగ్యం దెబ్బతినడంతో ఆస్ట్రేలియాకు వెళ్లగా, కెప్టెన్ ఓర్ పనిని నడిపించారు. 1850లో కాటన్ తిరిగివచ్చారు. ఆనకట్ట 1852లో పూర్తయింది. జీతంతో కూడిన వైద్య సెలవు, బాధ్యత అందుకునే మరో అధికారి, తిరిగివచ్చాక అదే స్థానం అనే మూడు సదుపాయాలు ఆ మహానిర్మాత ప్రాణాన్నీ, ఆయన పనినీ కాపాడాయి. వేసవి ఎండలో రాయి మోసిన వేలమంది కూలీలకు ఆ మూడింటిలో ఒక్కటీ లేదు.

పొరుగున కృష్ణా డెల్టాలో మచిలీపట్నం మిషన్ చర్చి మిషనరీ సొసైటీకి చెందింది. ఇంగ్లండు చర్చికి అనుబంధమైన ఆ సంస్థ జీతమూ సెలవూ ఇచ్చేది. 1841లో అక్కడికి కలిసి వచ్చిన రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇద్దరి జీవితాలు పరస్పరం భిన్నంగా నడిచాయి. ఫాక్స్ వచ్చిన కొద్దికాలానికే ఆరోగ్యం కోసం నీలగిరులకు వెళ్లవలసివచ్చింది. 1845లో స్వదేశానికి బయలుదేరగా, ఓడ మద్రాసు రేవు విడవకముందే ఆయన భార్య మరణించారు. పిల్లలను ఇంగ్లండులో దిగవిడిచి ఆయన తిరిగి మచిలీపట్నం వచ్చారు గాని, మళ్లీ జబ్బుపడి 1848లో స్వదేశం చేరి, 31 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నోబుల్ మాత్రం ఒక్కసారి కూడా స్వదేశానికి పోకుండా 24 ఏళ్లు బడి నడిపి, 1865లో మచిలీపట్నంలోనే మరణించారు. ఒకే ఏడాది ఒకే ఊరికి వచ్చిన ఇద్దరిలో ఒకరికి ఏడేళ్లు, మరొకరికి పావు శతాబ్దం దక్కాయి. దీనిని సమకాలికులు దైవేచ్ఛగా భావించారు. అయితే బడి గదికి పరిమితమైన బోధనకూ, ఊరూరా తిరిగి డేరాల్లో బసచేసే ప్రచారానికీ మధ్య ఉన్న శారీరక శ్రమ తేడాను కూడా చరిత్రకారుడు గమనించాలి.

కొండలకు పోవడం ఆనాటి ప్రధాన చికిత్స. మధుర జిల్లాలోని అమెరికన్ మిషనరీలు వరుస మరణాల తరువాత 1845లో కొడైకెనాల్‌లో తమ తొలి బంగళాలు కట్టుకున్నారు. తెలుగు జిల్లాల మిషనరీలు నీలగిరులకూ, తరువాతి కాలంలో కొడైకెనాల్‌కూ వేసవిలో తరలివెళ్లేవారు. అయితే రాజమండ్రి నుంచి ఆ కొండలు చేరడమే రోగికి ఒక పరీక్ష. బోయీలు మోసే మేనాల్లో, కాలువ పడవల్లో రేవు చేరి, ఓడలో మద్రాసుకు పోయి, అక్కడి నుంచి మళ్లీ నేల మీద ప్రయాణించాలి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకునే దాకా యూరప్‌కు పూర్తిగా ఓడలోనే పోయే ప్రయాణం ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టి నెలల తరబడి సాగేది. డెల్టాకు రైలు వచ్చింది 1890ల్లో, గోదావరి మీద రైలు వంతెన తెరుచుకున్నది 1900లో. సకాలంలో చికిత్స అందడం ఆ మధ్యకాలంలో దాదాపు అసాధ్యం.

మనుషులు లేక చేతులు మారబోయిన మిషన్

రాజమండ్రి లూథరన్ మిషన్ చరిత్రలో అనారోగ్యం ఒక మిషన్ ఉనికినే ప్రశ్నించింది. 1840ల మధ్యలో ఉత్తర జర్మన్ మిషనరీ సొసైటీ పక్షాన వాలెట్, గ్రోనింగ్ మొదలైనవారు ప్రారంభించిన ఈ కేంద్రం, కొద్ది ఏళ్లకే అమెరికన్ లూథరన్ల అధీనంలోకి వచ్చింది. అప్పటికే గుంటూరులో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 నుంచి పనిచేస్తున్నారు. ఆయన మధ్యలో అమెరికా వెళ్లినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యం చదివి, యాభై ఏళ్లు దాటిన వయసులో వైద్యుడిగా తిరిగివచ్చారు. సహచరుడు వాల్టర్ గన్ 1851లో గుంటూరులో క్షయతో మరణించారు. 1866లో సామర్లకోటలో పనిచేస్తున్న ఆడం లాంగ్ మశూచితో మరణించారు. అమెరికా అంతర్యుద్ధం వల్ల డబ్బూ మనుషులూ కరువై, రోగం వల్ల ఉన్నవారూ తగ్గిపోయి, ఆ దశాబ్దం చివరికి రాజమండ్రి కేంద్రాన్ని చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే ప్రయత్నం దాదాపు ఖాయమైంది. ఆ సంగతి తెలిసి 76 ఏళ్ల హేయర్ స్వయంగా ముందుకొచ్చి, 1869 చివర రాజమండ్రి చేరి, ఆ కేంద్రాన్ని నిలిపారు. మరుసటి ఏడాది నుంచి ష్మిట్, పౌల్సెన్ వంటి యువకులు ఆయనకు తోడయ్యారు.

దొరలు లేని ఆ ఏళ్లలో ఈ మిషన్ ఎలా బతికిందన్నది ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. ఉపదేశులు, అంటే పాస్టరుగా అభిషేకం పొందకుండానే వాక్యం బోధించి సంఘాలను చూసుకునే స్థానిక పనివారు, బడి పంతుళ్లు కలిసి ఆ సంఘాలను నడిపించారు. వారిలో నేలప్రోలు పౌలుస్, తోట జోసెఫ్ తరువాతి కాలంలో రాజమండ్రి మిషన్ నుంచి పాస్టర్లుగా అభిషిక్తులైన తొలి తెలుగువారయ్యారు. కొత్తగా వచ్చిన విదేశీయుల కష్టం ఆ తరువాత కూడా తగ్గలేదు. 1879లో వచ్చిన స్వీడిష్ వంశీయుడు కార్ల్‌సన్ 1882లోను, 1880లో వచ్చిన ఆర్ట్‌మన్ 1884లోను, 1882లో వచ్చిన డీట్రిచ్ 1889లోను మరణించారు. తెలుగు ఒంటబట్టి, పల్లెల్లో స్వేచ్ఛగా మాట్లాడగల దశకు వచ్చేసరికే వీరి ఆయుష్షు తీరింది.

కాకినాడ కథలో ఈ క్రమం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ బాప్టిస్టు పనికి ఆద్యుడు విదేశీయుడు కాదు. తంతి శాఖ ఉద్యోగాన్ని వదులుకొని, సొంత సంపాదన మీద, ఆపై అప్పుల మీద సంఘాన్ని పోషించిన తామస్ గాబ్రియేల్ ఆ పనికి పునాది వేశారు. భారం మోయలేక ఆయన కెనడా బాప్టిస్టులను ఆహ్వానించగా, జాన్ మెక్‌లారిన్ 1874లో కాకినాడ వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1875 ప్రారంభంలో గాబ్రియేల్ మరణించారు. కాకినాడలో మెక్‌లారిన్ పేర నిలిచిన హైస్కూలు ఆయనకు స్మారకమైంది. మెక్‌లారిన్ తరువాత ఆ కేంద్రాన్ని నడిపిన మిషనరీ టింపనీ 1885 ఫిబ్రవరిలో కాకినాడలో కలరా సోకి మరణించారు. కలకత్తాలో కాక్ ఆ రోగ కారణాన్ని గుర్తించి అప్పటికి ఏడాది మాత్రమే. రోగం పేరు తెలిసినా, దాని నుంచి రోగిని రక్షించే మార్గం అప్పటికి వైద్యుల చేతిలో లేదు. టింపనీ పేరున వెలసిన విద్యాసంస్థ ఆయన స్మృతిని నిలిపింది. గాబ్రియేల్ పేరు మాత్రం సంఘ చరిత్ర చదివేవారికి తప్ప బయట అంతగా తెలియదు.

మందుల పెట్టె నుంచి ఆసుపత్రికి

తమ కోసం తెచ్చుకున్న మందుల పెట్టెను మిషనరీలు మొదటి నుంచీ ఊరివారికీ తెరిచేవారు. కొయినా అని జనం పిలిచే క్వినైన్, సింకోనా చెట్టు బెరడు నుంచి తీసిన మందు, చలిజ్వరానికి నిజంగా పనిచేసే కొద్ది మందుల్లో ఒకటి. 1860 తరువాత నీలగిరుల్లో సర్కారు సింకోనా తోటలు పెంచింది. శతాబ్దం చివరికి తపాలా కార్యాలయాల్లో కూడా చిన్న పొట్లాలుగా ఆ మందు దొరికేది. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో కోయల మధ్య పనిచేసిన చర్చి మిషనరీ సొసైటీ వారికి ఈ మందు నిత్యావసరం. గోదావరి నౌకాయాన పథకానికి వచ్చిన ఇంజనీరు హేగ్ ప్రోత్సాహంతో మొదలైన ఆ మిషన్‌కు మన్యం జ్వరమే అన్నిటికన్నా పెద్ద అడ్డంకి.

వైద్యం మిషన్ల అనుబంధ సేవగా కాక, పూర్తిస్థాయి సంస్థగా ఎదగడానికి మహిళా వైద్యులు కారణం. పురుష వైద్యుని ముందుకు రాని కుటుంబ స్త్రీలకు, ప్రసవ సమయంలో ప్రాణాలు కోల్పోతున్న తల్లులకు వారి అవసరం ఎంతో ఉండేది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి ప్రారంభించి, 1930లో మరణించేవరకు ఆ పనిలోనే ఉన్నారు. తన కుటుంబానికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు, కవి మంత్రిప్రగడ భుజంగరావు ఆ ఆసుపత్రి దగ్గర రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. రాజమండ్రికి డాక్టర్ లిడియా వోర్నర్ 1899లో వచ్చారు. ఆమె కృషి ఫలితంగా 1911లో స్త్రీలకూ పిల్లలకూ లూథరన్ ఆసుపత్రి ఏర్పడింది. ఆకివీడులో డాక్టర్ పెర్ల్ చ్యూట్, పిఠాపురంలో డాక్టర్ స్మిత్, తరువాత డాక్టర్ జెస్సీ ఆలిన్ కెనడా బాప్టిస్టు ఆసుపత్రులను పెంచారు. రామచంద్రపురంలో ఇసబెల్ హాచ్ కుష్ఠు రోగులకు ఆశ్రయం కల్పించారు. నర్సాపురంలో బౌడెన్, బీర్‌ల వారసత్వం బెథెస్డా కుష్ఠు ఆసుపత్రి దాకా సాగింది. రాజమండ్రి చేరువలోని విశ్రాంతిపురం క్షయ రోగులకు శానటోరియం అయింది.

ఈ సంస్థల వల్ల మిషనరీల అనారోగ్యం స్వభావమే మారింది. జబ్బు చేస్తే వందల మైళ్లు పోవలసిన అవసరం తగ్గి, అదే ఊళ్లో శిక్షణ పొందిన తెలుగు నర్సులు, కాంపౌండర్లు వారికి సేవచేసే రోజులు వచ్చాయి. మిషన్ ఆసుపత్రుల్లో నర్సు శిక్షణ పొందిన డెల్టా ఆడపిల్లలు, వారిలో చాలామంది పేద దళిత క్రైస్తవ కుటుంబాలవారు, తమ ఇళ్లలో తొలిసారి జీతం తెచ్చే స్త్రీలయ్యారు. వీరి తరువాతి తరాలు దేశమంతటికీ, గల్ఫ్ దేశాలకూ నర్సులుగా వెళ్లాయి.

మార్మన్ల అనుభవం

ఈ చరిత్రకు ఆలస్యంగా చేరిన శాఖ మార్మన్లది. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘం అసలు పేరు లాటర్ డే సెయింట్ల యేసు క్రీస్తు సంఘం. దీని మిషనరీలు జీతం తీసుకోని యువతీయువకులు. ఇద్దరిద్దరుగా జతకట్టి, పురుషులు రెండేళ్లు, స్త్రీలు ఏడాదిన్నర పరాయి ప్రాంతంలో గడుపుతారు. తెలుగువారికి అతి దగ్గరగా వారు తొలిసారి వచ్చింది 1853లో మద్రాసుకు. రిచర్డ్ బాలెంటైన్, రాబర్ట్ స్కెల్టన్, రాబర్ట్ ఓవెన్స్ అక్కడ పనిచేయగా, బాలెంటైన్ ఆరోగ్యం చెడి మరుసటి ఏడాదే వెనుదిరిగారు. ఆయన స్థితి బౌడెన్, బీర్‌ల స్థితికి దగ్గరగా ఉంది: జీతం లేదు, కొండల్లో బంగళా లేదు, రోగికి నూనె రాసి ప్రార్థించే సంఘ సంప్రదాయమూ, దాతల ఆదరణా తప్ప ఆధారం లేదు.

నూట పాతికేళ్ల తరువాత, 1978 చివర, ఈ సంఘం హైదరాబాదులో తెలుగు కుటుంబాల ద్వారానే మళ్లీ ప్రవేశించింది. 1982లో ఈ సంఘం పవిత్ర గ్రంథమైన మార్మన్ గ్రంథంలోని ఎంపిక చేసిన భాగాలు తెలుగులో వచ్చాయి. 1993లో బెంగుళూరు కేంద్రంగా భారత మిషన్ ఏర్పడింది. రాజమండ్రిలోనూ సంఘాలు వెలిశాయి. ఈ కాలానికి అనారోగ్యాన్ని ఎదుర్కొనే పద్ధతి వ్యవస్థగా మారింది. బయలుదేరే ముందు వైద్య పరీక్ష తప్పనిసరి. జబ్బు చేస్తే జతగాడు పక్కనే ఉంటాడు. మిషన్ అధ్యక్షుడు, వైద్య సలహాదారులు కలిసి నిర్ణయం తీసుకుంటారు. ఒంటికో మనసుకో నయంకాని బాధ ఉంటే గౌరవంగా ఇంటికి పంపి, అక్కడే చేయగల సేవను అప్పగిస్తారు. మానసిక వేదనను కూడా జబ్బుగా గుర్తించడం ఇందులో ముఖ్యమైన మార్పు. 19వ శతాబ్దపు మిషనరీ కుటుంబాల్లో ఒంటరితనం, పిల్లల మరణం, ఎడబాటు తెచ్చిన దిగులుకు విశ్వాసలోపమన్న నిందే తప్ప చికిత్స ఉండేది కాదు.

ముగింపు

రెండు శతాబ్దాల ఈ అనుభవం నుంచి ఒక నిర్ణయానికి రావచ్చు. విదేశీ బోధకుని ప్రాణం నిలిచినచోట, దాని వెనుక అతని విశ్వాసంతో పాటు సెలవూ డబ్బూ మనుషులూ ఉన్నాయి. అవి లేనిచోట అతడిని మోసింది తెలుగువారే. మేనా మోసిన బోయీలు, పడవ నడిపిన సరంగులు, పాలిచ్చి పిల్లలను పెంచిన దాదులు, దొర లేనప్పుడు సంఘాన్ని కాచిన ఉపదేశులు అదే నీరు తాగారు, అదే జ్వరంతో మంచం పట్టారు. వారికి నీలగిరులు లేవు, సిక్ లీవు లేదు, పేరు చెక్కిన సమాధి రాయి కూడా చాలామందికి లేదు. మిషన్ చరిత్రలు మరణించిన విదేశీయుల జాబితాలను శ్రద్ధగా భద్రపరిచాయి. తెలుగు పనివారి జాబితాలు చర్చి రిజిస్టర్లలో, సంఘ నివేదికల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నర్సాపురం, పాలకొల్లు, రాజమండ్రి, కాకినాడ, సామర్లకోట సంఘాల దగ్గర మిగిలిన ఆ పాత రిజిస్టర్లను చెదలు తినకముందే సేకరించి, ఆ పేర్లను చరిత్రలోకి తేవడం డెల్టా విద్యాసంస్థలూ సంఘాలూ వెంటనే చేపట్టవలసిన పని.